పగడాల ట్యాంకులో నీటి నడక: నెల్లూరు ప్రాజెక్టు డైరీ

మార్చి, మొదటి వారం

ఇంట్లో పగడాలు పెంచడానికి కడుతున్న ఉప్పునీటి ట్యాంకుకు అద్దాలు, స్టాండు, దీపాల పని సంక్రాంతి నాటికే పూర్తయింది కాబట్టి ఈ డైరీలో వాటి ఊసు ఉండదు. మిగిలినదల్లా నీటిని ఎటు నుంచి ఎటు నడిపించాలన్న ప్రశ్నే. ట్యాంకు పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 45, ఎత్తు 45. నీటిని 40 సెంటీమీటర్ల మట్టం దాకా నింపితే 216 లీటర్లు పడుతుంది. రాళ్లూ ఇసుకా ఆక్రమించే జాగా పోను పైన 190 లీటర్లు నిలుస్తుంది, కింద క్యాబినెట్‌లోని సంపులో మరో 40 లీటర్లు ఉంటుంది.

పెంచదలచుకున్నవి మెత్తని పగడాలు మాత్రమే: లెదర్, మష్రూమ్, జోవాంథిడ్ (జోవా) రకాలు. రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉన్నాయి కనుక వాటి జోలికి పోయే ప్రసక్తి లేదు. సముద్రం నుంచి తీసిన పగడపు రాయి కూడా వద్దనుకుని, బట్టీలో కాల్చి చేసిన సిరామిక్ రాళ్లనే తెప్పించాను.

మైపాడు తీరానికి వెళ్లి పగడాల దిబ్బ ఎలా ఉంటుందో చూసివచ్చే వీలు మనకు లేదు. పెన్న తెచ్చి కలిపే ఒండ్రు, గట్టి ఆధారం లేని ఇసుక నేల, ఈశాన్య రుతుపవనాల కాలంలో వచ్చిపడే వాననీరు పగడాలకు గిట్టవు. మనకు దక్షిణాన దిబ్బలు చూడాలంటే మన్నారు సింధుశాఖకు పోవలసిందే. అయినా నీటి నడక విషయంలో మన తీరాన్ని చూసి గ్రహించదగినది ఒకటుంది. ఈ తీరం వెంబడి ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరంగానూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణంగానూ సాగుతుంది. ఇది చాలదన్నట్టు రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. అంటే అక్కడ ఏ రాయికీ ఎల్లకాలం ఒక వైపు నుంచే నీరు తగలదు. ఇంట్లో పంపు మాత్రం తిప్పి పెట్టిన వైపుకే, ఆపేదాకా కొడుతూనే ఉంటుంది.

పగడానికి ప్రవాహం ఎందుకన్నది కూడా ఇక్కడే రాసిపెట్టుకుంటాను, ఎందుకంటే తర్వాతి నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడతాయి. ఊపిరాడని చేప పైకి వస్తుంది, చోటు నచ్చకపోతే మరో మూలకు పోతుంది. పగడం పాతుకున్న చోటనే ఉంటుంది. దాని ఒంటిని అంటుకుని ఒక పలుచని నీటి పొర దాదాపు కదలకుండా నిలిచిపోతుంది. ప్రాణవాయువు, పోషకాలు లోపలికి పోవాలన్నా, వ్యర్థాలు బయటికి రావాలన్నా ఆ పొరను దాటవలసిందే. చుట్టూ నీరు నడిచేకొద్దీ ఆ పొర పలుచనై రాకపోకలు సులువవుతాయి. నీరు నిలిచిన చోట పగడం ముడుచుకుంటుంది, దాని మొదట్లో మడ్డి చేరుతుంది, ఆ మడ్డి మీద ఎర్రటి సయనోబాక్టీరియా జిగురుగా పరుచుకుంటుంది.

మార్చి, రెండో వారం

సాధారణంగా చెప్పే లెక్క ఇది: మెత్తని పగడాలకు గంటకు ట్యాంకు నీటికి 10 నుంచి 20 రెట్లు, కొమ్మల రాతి పగడాలకు 40 రెట్లు, ఆపైన. ఈ లెక్కన 190 లీటర్లకు గంటకు 4,000 లీటర్ల వేవ్‌మేకర్ (ట్యాంకు లోపలే ఉండి నీటిని తోసే పంపు) ఒకటి సరిపోతుంది. కానీ ఈ రెట్ల లెక్క నాకు మొదటి నుంచీ అసంపూర్ణంగానే తోచింది. పగడానికి తగిలేది నీటి వేగం. పెట్టె మీద ముద్రించిన లీటర్లు కావు.

కాగితం మీద వేసి చూశాను. ట్యాంకును మధ్యలో రాళ్ల వరుసతో పొడవునా రెండు దారులుగా ఊహించుకుంటే, ముందు దారి అడ్డుకోత సుమారు 22 సెంటీమీటర్ల వెడల్పు, 40 ఎత్తు, అంటే దాదాపు 900 చదరపు సెంటీమీటర్లు. అందులో నీరు సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో కదలాలంటే సెకనుకు 9 లీటర్లు, గంటకు 32,400 లీటర్లు సాగాలి. నా దగ్గరున్న పంపు తోసేది సెకనుకు లీటరుకు కాస్త పైమాట. మరి ఇంత చిన్న పంపులతో పెద్ద ట్యాంకుల్లో నీరు ఎలా తిరుగుతోంది? పంపు ధార తన పక్కనున్న నీటిని కూడా వెంట లాక్కుపోతుంది. ఆ నీరు చివరి అద్దం దగ్గర మలుపు తిరిగి, వెనక దారి గుండా మళ్లీ పంపు దగ్గరికి వస్తే, అప్పటికే కదులుతున్న నీటికి పంపు ఇంకొంచెం ఊపు చేరుస్తుంది. అలా నిమిషం, రెండు నిమిషాల్లో మొత్తం నీరు ఒక చుట్టుగా తిరగడం మొదలవుతుంది. వెనక్కి వచ్చే దారిని రాళ్లతో మూసేస్తే ఆ ఊపంతా రాయికి కొట్టుకుని అక్కడికక్కడే ఖర్చయిపోతుంది, అప్పుడు ఎంత పెద్ద పంపు తెచ్చినా దాని ఎదుటి జానెడు చోటే కల్లోలంగా ఉండి మిగతా ట్యాంకు నిద్రపోతుంది.

అందువల్ల వరుస మార్చాను. ముందు రాళ్లు, తర్వాత పంపులు.

మా బావమరిదికి ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు ఉన్నాయి. కాగితం మీది బొమ్మ చూసి అతను అన్న మాట: "నీళ్లు తిరగాలంటే మోటారొక్కటే చాలదు బావా, ముందు గుంట మూలలు జూడాల." వాళ్లు ఏరేటర్లను గట్టు వెంబడి ఒకే దిశకు నిలిపి నీటిని గుండ్రంగా తిప్పుతారు. మడ్డి అంతా మధ్యకు చేరితే రొయ్య మేసే అంచు భాగం శుభ్రంగా ఉంటుంది. నాకు కావలసింది దానికి తలకిందులు, ఎందుకంటే నా ట్యాంకులో మధ్య జాగాలో ఉండేది పగడాల రాళ్లే. మడ్డి ఎక్కడా దిగకుండా తేలుతూ పోయి, పైనీటిని సంపులోకి దించే ఓవర్‌ఫ్లో దువ్వెనలో (దువ్వెన పళ్లలాంటి జాలీలో) పడాలి. అయినా మూలల గురించి అతను చెప్పినది అక్షరాలా నిజమని ఏప్రిల్‌లో తేలింది.

మార్చి, చివరి వారం

రాళ్లను వెనక అద్దానికి ఆనించి గోడలా పేర్చడం మన దుకాణాల్లో కనిపించే పద్ధతి. చూడటానికి నిండుగా ఉంటుంది, వెనక ఏం పేరుకుంటోందో మాత్రం కనిపించదు. నేను రెండు గుట్టలుగా చేశాను. కుడివైపుది పెద్దది, కింద కమాను ఉన్నది. ఎడమవైపుది చిన్నది, బల్లపరుపు తలతో ఉన్నది. రెండింటి నడుమ అరచేయి అడ్డంగా పట్టేంత సందు వదిలాను. వెనక అద్దానికి, రాళ్లకు మధ్య 10 సెంటీమీటర్లు, పక్క అద్దాలకు అంతకన్నా ఎక్కువ.

ఒక్కో గుట్ట అడుగు రాళ్లకు డ్రిల్లుతో రంధ్రాలు వేసి, యాక్రిలిక్ కడ్డీ ముక్కలను కాళ్లుగా దిగ్గొట్టి, ఎపాక్సీ పుట్టీతో బిగించాను. గుట్ట ఇసుక మీద కూర్చోకుండా మూడు వేళ్ల ఎత్తున నిలబడుతుంది. కాళ్లు నేరుగా అడుగు అద్దం మీద ఆనేలా పెట్టి, ఆ తర్వాతే ఇసుక పోశాను. ఇసుక మీద నిలబెడితే గోబీ చేప తవ్విన రోజున గుట్ట ఒరుగుతుంది.

ఇసుక సంగతి. గూడూరు పక్కన చిల్లకూరు, కోట మండలాల్లో తవ్వే తెల్లని సిలికా ఇసుక కళ్లకు ఇంపుగా ఉంటుంది, చవకగానూ దొరుకుతుంది. కానీ సన్నరకం ఇసుక ప్రవాహానికి లేచి రాళ్ల మీద పడుతుంది, పైగా సిలికాకు నీటి క్షారత్వాన్ని నిలబెట్టే గుణం లేదు. 1 నుంచి 2 మిల్లీమీటర్ల గింజ ఉన్న అరగొనైట్ అనే సున్నపు ఇసుకను చెన్నై కొళత్తూరు నుంచి తెప్పించి రెండు వేళ్ల మందాన పరిచాను.

ఏప్రిల్, మొదటి పక్షం

సంపులోని నీటిని తిరిగి ట్యాంకులోకి ఎత్తే రిటర్న్ పంపు బిగింపు. పెట్టె మీద గంటకు 3,000 లీటర్లని ఉంది. అది నీటిని ఏ ఎత్తుకూ ఎత్తకుండా తోసినప్పటి అంకె. సంపు నుంచి ట్యాంకు అంచుకు 1.2 మీటర్ల ఎత్తు, మధ్యలో రెండు ఎల్బోలు. పైపు చివర మంచినీళ్ల క్యాను పట్టి ఫోనులో సమయం చూస్తే 20 లీటర్లు నిండటానికి 48 సెకన్లు పట్టింది, అంటే గంటకు 1,500 లీటర్లు. 90 డిగ్రీల ఆ ఎల్బోలు రెండూ తీసేసి ఒక్కో దాని బదులు రెండేసి 45 డిగ్రీల బెండ్లు వేస్తే 43 సెకన్లకు దిగింది. గంటకు 1,670 లీటర్ల దరిదాపు అన్నమాట. ట్యాంకుకు సుమారు 9 రెట్లు. సంపు గుండా పోయే నీటికి ఇంతకంటే అవసరం లేదు. పగడాలకు కావలసిన వేగాన్ని రిటర్న్ పంపుతో సాధించాలని చూస్తే కరెంటు ఖర్చు, ఓవర్‌ఫ్లో గొంతు శబ్దం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

కరెంటు పోయినప్పుడు రిటర్న్ పైపు సైఫనుగా మారి పైనీటిని కిందికి లాగుతుంది. ట్యాంకు మట్టం ఒక్క సెంటీమీటరు తగ్గితే 5.4 లీటర్లు దిగినట్టు. నాజిల్ మూతి నీటి అంచుకు 2 సెంటీమీటర్ల కింద ఉంది కనుక 11 లీటర్లు, దానికి తోడు పైపుల్లోనివి, ఓవర్‌ఫ్లో పెట్టెలోనివి. సంపులో 20 లీటర్ల ఖాళీ ఎప్పుడూ ఉండేలా మట్టం గీత గీసి, నాజిల్ మెడకు నీటి అంచుకు కాస్త దిగువన సన్నని రంధ్రం వేశాను. అక్కడ గాలి పీల్చుకోగానే సైఫను తెగుతుంది. నీటిని వెనక్కి పోనివ్వని చెక్ వాల్వును మాత్రం నమ్ముకోలేదు. ఉప్పునీటిలో ఒక నత్త గుల్ల, ఒక సున్నపు పొలుసు అడ్డుపడినా అది పూర్తిగా మూసుకోదు.

ఏప్రిల్, రెండో పక్షం

ఈ డైరీకి అసలు పని ఇదే.

గంటకు 4,000 లీటర్ల డీసీ వేవ్‌మేకర్లు రెండు. ఒకటి కుడి పక్క అద్దానికి, మరొకటి ఎడమ పక్క అద్దానికి, రెండూ ముందు అద్దానికి దగ్గరగా, నీటి అంచుకు 10 సెంటీమీటర్ల కింద, అయస్కాంతాలతో పట్టించాను. వెనక మూలల్లో దాచితే అందంగా ఉంటుందని ఇంట్లో అన్నారు. నిజమే, అయితే అక్కడున్న 10 సెంటీమీటర్ల సందులో ధార విచ్చుకోకముందే రాయికి తగులుతుంది. ముందు దారి వెడల్పుగా ఉంది కనుక ధారకు అదే తగినది, వెనక సందు తిరుగుదారిగా పనిచేస్తుంది. రెండు పంపులూ ఒకేసారి ఎదురెదురుగా కొట్టుకుంటే మధ్యలో నురగ తప్ప చుట్టు ఏర్పడదు కాబట్టి, ఒకటి నడిచినంతసేపూ రెండోది ఆగి ఉంటుంది.

పరీక్షకు చేపలూ పగడాలూ వేయక ముందే మంచి సమయం. రొయ్యల హేచరీల్లో పిల్లలకు పెట్టే ఆర్టీమియా అనే అతిచిన్న జీవాలను పొదిగించి, రాత్రి దీపాలన్నీ ఆర్పి, పక్క అద్దం నుంచి టార్చి వేసి ఒక గ్లాసెడు ట్యాంకులో వదిలాను. నారింజ రంగు చుక్కలు వెలుగులో స్పష్టంగా కనిపిస్తాయి. అవి సొంతంగా ఈదే వేగం ప్రవాహం ముందు లెక్కలోకి రాదు. నీరు ఎటు పోతే అవీ అటే పోతాయి. కుడి పంపు నడుస్తుండగా ముందు దారిలో చుక్కలు వరుసగా ఎడమకు సాగి, ఎడమ అద్దం దగ్గర మలుపు తిరిగి, చిన్న గుట్ట వెనక నుంచి కుడికి వచ్చాయి. నడిమి సందులోంచి కొన్ని అడ్డదారిన ముందుకు దూరాయి. పెద్ద గుట్ట వెనక భాగంలో, కుడి వెనక మూలకు కాస్త ఇవతల, చుక్కలు మందగించి, ఒకే చోట గిర్రున తిరిగి, మెల్లగా ఇసుక మీదికి దిగిపోయాయి. పంపు మార్చి ఎడమది నడిపితే మిగతా చోట్లన్నీ తేటపడ్డాయి గాని ఆ ఒక్క చోటు, దాని పక్కనున్న కమాను లోపలి భాగం మాత్రం అలాగే ఉన్నాయి.

వేగం కొలవడానికి ముందు అద్దం మీద 60 సెంటీమీటర్ల దూరంలో రెండు టేపు ముక్కలు అంటించి, నానిన మేత గుళికను వదిలి చూశాను. ధార మధ్యలో 5 సెకన్లు, అంటే సెకనుకు 12 సెంటీమీటర్లు. వెనక సందులో 40 సెంటీమీటర్లు దాటడానికి 16 సెకన్లు పట్టింది, అంటే రెండున్నర సెంటీమీటర్లే.

ఇలాంటప్పుడు మూడో పంపు కొనమని చెప్పేవారే ఎక్కువ. నాకు అడ్డం ఎక్కడుందో కనిపిస్తోంది కనుక ఆ మార్గం పట్టలేదు. పెద్ద గుట్ట వెనక అంచున పలకలాంటి రాయి ఒకటి అడ్డంగా నిలబడి, తిరిగివచ్చే నీటిని సందులోంచి పక్కకు తోసేస్తోంది. దాన్ని పావు వంతు తిప్పి, సన్నని అంచు ప్రవాహానికి ఎదురుగా వచ్చేలా మళ్లీ అతికాను. కమాను వెనక వైపు మూసి ఉన్న చిన్న రాయిని తీసి ఎడమ గుట్టకు చేర్చాను. రిటర్న్ నాజిల్‌ను, అప్పటిదాకా ట్యాంకు మధ్యకు చూస్తున్నదాన్ని, 45 డిగ్రీలు తిప్పి కుడి వెనక మూలలోకి కిందికి వంచాను. మళ్లీ ఆర్టీమియా వదిలితే ఆ మూలలో చుక్కలు నిలవలేదు, కమాను కింద నుంచి బారులుగా బయటికి వచ్చాయి. వెనక సందులో గుళికకు 8 సెకన్లు పట్టింది. వేగం రెట్టింపయింది, మీటరు మీద ఒక్క వాట్ కూడా పెరగలేదు.

ఎడమ పంపు ధార కుడి అద్దానికి కొట్టుకుని కిందికి దిగే చోట ఇసుకలో గుంత పడుతోంది. మూతిని నీటి పైఅంచు వైపు కొద్దిగా ఎత్తితే అది ఆగింది, నీటి మీద ముడతలు కూడా బాగా లేచాయి. ఆ ముడతలే ఆక్సిజన్‌ను లోపలికి, కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపేవి. జిడ్డు పొరను ఓవర్‌ఫ్లోలోకి నెట్టేవీ అవే.

కెరటం పద్ధతి ఎందుకు పెట్టుకోలేదని అడిగే మిత్రుల కోసం ఒక మాట. హవాయిలోని వైకీకీ అక్వేరియంలో రూపొంది, బ్రూస్ కార్ల్సన్ పేరుతో ప్రసిద్ధమైన సర్జ్ పరికరం ఒకటుంది: ట్యాంకు పైన ఒక తొట్టి నిండుతుంది, నిండగానే సైఫను పుట్టి నీరంతా ఒక్క ఊపున కిందికి దూకుతుంది. నిజమైన సముద్రపు ఊగిసలాటకు అది చాలా దగ్గర. పడకగది గోడకు అవతల పెట్టుకోదగిన వస్తువు మాత్రం కాదు. శబ్దం, బుడగలు, అద్దాల మీద ఉప్పు చుక్కలు తప్పవు.

మే

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నెల్లూరు ఎండ సంగతి తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు గాని, పంపులు కూడా నీటిని వేడి చేస్తాయన్నది చాలామంది లెక్కలో వేసుకోరు. నీటిలో మునిగి ఉన్న మోటారు తాగే కరెంటంతా చివరికి ఆ నీటిలో వేడిగానే తేలుతుంది. ఒకేసారి నడిచే రెండు పంపుల (రిటర్న్, ఒక వేవ్‌మేకర్) వాట్లు కూడితే 40. ఆ వేడి బయటికి పోయే దారే లేకపోతే 230 లీటర్ల నీరు రోజుకు మూడున్నర డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. ట్యాంకు మీద చిన్న ఫ్యాను పెడితే సుమారు లీటరున్నర నీరు ఆవిరయ్యేసరికి పంపుల వేడి వరకు తీరిపోతుంది. గది వేడికి మాత్రం ఫ్యాను చాలదు, చిల్లర్ పెట్టక తప్పలేదు. ఉష్ణోగ్రతను 26 డిగ్రీల దగ్గర ఉంచుతున్నాను. ఆవిరైనది మంచినీరే కాబట్టి తిరిగి పోసేదీ ఆర్ఓ నీరే కావాలి. ఉప్పునీరు పోస్తే లవణీయత వెయ్యికి 35 పాళ్లు దాటి పైకి పోతుంది.

కరెంటు కోతకు ఏర్పాటు: ఎడమ వేవ్‌మేకర్ ఒక్కటే ఇన్వర్టర్ మీద ఉంది. అన్నీ దాని మీద వేస్తే బ్యాటరీ తెల్లారేదాకా రాదు. రిటర్న్ ఆగినా నీటి మీద ముడతలు ఉంటే చేపలకు ఊపిరి ఆడుతుంది. ఏసీ పంపును దాని మీద పెట్టేవారికి మాత్రం ఇన్వర్టర్ సైన్ వేవ్ రకమే అయి ఉండాలి. స్క్వేర్ వేవ్ రకం మీద మామూలు ఏసీ పంపులు మూలుగుతాయి, వేడెక్కుతాయి.

జూన్

కంట్రోలరులో పెట్టిన క్రమం ఇది. ఆరు గంటలు కుడి పంపు, ఆరు గంటలు ఎడమ పంపు. మన తీరంలో పోటుకూ పాటుకూ మధ్య ఉండే వ్యవధి కూడా దాదాపు అంతే. కొన్ని సెకన్లకోసారి దిశ మారే పద్ధతి పెట్టి చూస్తే చుట్టు ఊపందుకునేలోపే తెగిపోతోంది, వెనక సందులో వేగం పడిపోతోంది. ఆరు గంటల పద్ధతిలో ఒక దిశలో రాయి చాటున దిగిన మడ్డి రెండో దిశ రాగానే లేచిపోతుంది. రాత్రి వేగాన్ని 60 శాతానికి తగ్గించాను, అంతకన్నా కిందికి దించలేదు. వెలుతురు లేనప్పుడు పగడాల్లోని ఆల్గే ఆక్సిజన్ ఇవ్వదు, అందరూ పీల్చుకునేవారే అవుతారు.

మొదటి పగడాలు వచ్చాయి. మష్రూమ్‌లను పెద్ద గుట్ట కమాను పక్కన, నీరు నెమ్మదిగా పోయే చోట ఉంచాను. ప్రవాహం ఎక్కువైతే అవి రేకు ముడిచి చిన్నవైపోతాయి. జోవాలు ఎడమ గుట్ట భుజం మీద, లెదర్ దాని తల మీద. లెదర్ మొదట్లో నిటారుగా విచ్చుకుని, తర్వాత మూతి ముడిచి, ఒళ్లంతా మైనం పూసినట్టు మెరుస్తూ ఉండిపోయింది. ఇది జబ్బు కాదు. లెదర్ పగడం అప్పుడప్పుడూ తన పై పొరను విడుస్తుంది. అలాంటప్పుడే ప్రవాహం పనికొస్తుంది. మంద ప్రవాహంలో ఆ పొర ఊడక దాని కింద మడ్డి, నాచు చేరతాయి. ఇక్కడ వారం తిరిగేసరికి పొర అంచు నుంచి తెల్లని గుడ్డపేలికలా లేచి, దిశ మారిన పూట పూర్తిగా ఊడి ఓవర్‌ఫ్లో దువ్వెనకు చిక్కుకుంది. మర్నాడే పాలిప్‌లు, అంటే పగడం ఒంటి మీది పువ్వుల్లాంటి చిన్న భాగాలు, బయటికి వచ్చాయి.

ఆ పాలిప్‌ల వంపు చూస్తే ప్రవాహం తగినంత ఉందో లేదో తెలుస్తుంది. అవి అటూ ఇటూ ఊగుతుంటే సరే. పూర్తిగా ఒక వైపుకు పడుకుని లేవకుండా ఉంటే ధార నేరుగా తగులుతున్నట్టు. ఎడమ పంపు వంతులో లెదర్ కొంచెం అలా పడుకుంటోంది, కుడి పంపు వంతులో బాగానే ఊగుతోంది.

ముందున్న పనులు రెండు. పంపుల చక్రాల మీద సున్నపు పొర కట్టి వేగం తగ్గుతుంది కనుక ఆగస్టులో రెండింటినీ విప్పి వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టాలి. అంతకన్నా ముందు, జోవాల రెండో రాయి వచ్చేలోగా, ఎడమ పంపును రెండు అంగుళాలు ముందుకు జరిపి లెదర్ తల మీద నుంచి ధారను తప్పించాలి. జరిపాక వెనక సందులో గుళికను మళ్లీ వదిలి చూస్తాను. 8 సెకన్లు 10 దాటితే పంపును యథాస్థానంలో ఉంచి, లెదర్‌నే ఒక మెట్టు కిందికి దించుతాను.